తలకి తువ్వాలు చుట్టినవాడు

మేడ మీదావిడ చెప్పిందని టైలరు అన్నాడట. టైలరు అన్నాడని మేనల్లుడు మోసుకొచ్చాడు.

"మన డ్రైవింగు స్కూలు చిన్న కారే, మావయ్యా. మూతబడ్డ మిల్లు వెనక మైదానంలో బొంగరంలా తిరుగుతోందట. రోజూ పొద్దున్నే, నువ్వు లైసెన్సు టెస్టులకి పోగానే."

"తిప్పేదెవరు?"

"పక్క సీటులో మన అమ్మాయేనట. స్టీరింగు ముందు తలకి తువ్వాలు చుట్టుకున్నవాడెవడో. హ్యాండ్‌బ్రేకు లాగడం, బండి గిర్రున తిరగడం, ఇద్దరూ పడీపడీ నవ్వుకోవడం."

ఆ నవ్వుకోవడం టైలరు చేర్చాడో, మేనల్లుడు చేర్చాడో మేడ మీదావిడకే తెలియాలి.

క్లచ్చు మాస్టారికి కోపం నసాళానికంటింది.

ఊళ్లో సగం మందికి డ్రైవింగు నేర్పిన మనిషి. పక్కన ఎవరు కూర్చున్నా "క్లచ్చు, క్లచ్చు" అని అరుస్తాడని ఆ పేరు. హ్యాండ్‌బ్రేకు ఆగిన బండికే గానీ పోయే బండికి కాదని మొదటి రోజే అందరి చేతా చెప్పించేవాడు. అలాంటిది ఆయన పేరున్న బోర్డు నెత్తిన పెట్టుకుని, ఆయన కారే గిరికీలు కొడుతోంది!

స్కూటరు తీశాడు. మేనల్లుడు పిలవకుండానే వెనకెక్కాడు. స్కూల్లో ఆడవాళ్ల బ్యాచికి నేర్పేది మాస్టారి కూతురే. ఆ బ్యాచి మీద అతనికి ఎప్పట్నించో కన్ను.

మైదానంలో కారు లేదు. రాత్రి వానకి మెత్తబడ్డ నేల మీద చక్రాల గుర్తులు మాత్రం అచ్చు గుద్దినట్టున్నాయి.

మాస్టారు తిట్టుకుంటూనే వంగి చూశాడు. వంగాక తిట్లు ఆగిపోయాయి.

వెనక చక్రాలు రెండే జారాయి. ముందువి జారలేదు, నడిచాయి. బండి సగం చుట్టు తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి, ఎక్కడా తడబడకుండా వెళ్లిపోయింది. బ్రేకు లాగడం ఎంత చటుక్కున లాగారో, వదలడమూ అంత చటుక్కున వదిలారు. పక్కనే ఇంకో గుర్తు. మొదటిదాని మీద కాగితం పెట్టి దిద్దినట్టుంది.

"ముదురు చెయ్యి," అన్నాడు, తనకు తెలియకుండానే.

"ఏంటి మావయ్యా?"

"వీడెవడో ముదురు చెయ్యిరా. భయం లేదు, కంగారు లేదు. నా దగ్గర నేర్చుకున్న వెధవల్లో ఒక్కడికీ ఈ చెయ్యి లేదు."

అన్నాక కోపం రెట్టింపైంది. వాడు తన బండి తిప్పినందుకు కొంత, తను మెచ్చుకోవలసి వచ్చినందుకు మిగతాది.

ఇంటి ముందుగదే ఆఫీసు. కారు వాకిట్లోనే ఉంది, చక్రాలకి పచ్చి బురదతో. లోపల ఆడవాళ్ల బ్యాచి బెంచీ మీద కూర్చుని ఉంది. అమ్మాయి వాళ్లకి గేర్లు చెబుతోంది.

"ఎవడే వాడు?"

అమ్మాయి తిరిగి చూసింది. "ఎవరు నాన్నా?"

"నంగనాచి వేషాలొద్దు. తువ్వాలు చుట్టుకుని నా కారు తిప్పుతున్నాడే, వాడు!"

బెంచీ మీదివాళ్లు గోడకున్న సిగ్నలు బొమ్మలు శ్రద్ధగా చదవసాగారు.

"తిప్పడం నేనే నేర్పాను," అంది అమ్మాయి. "తడి రోడ్డు మీద బండి జారితే చెయ్యి వణక్కూడదని మొదలుపెట్టాం. తర్వాత సరదా పుట్టింది."

"సరదానా? నా టైర్లు అరగదీసి, బ్రేకు కేబులు సాగదీసి సరదానా? అయినా నువ్వు నేర్పడమేంటే! ఆ గుర్తులు చూసే వస్తున్నా. వాడు నీకు నేర్పుతాడు గానీ, వాడికి నువ్వు నేర్పుతావా? పేరు చెప్పు."

"చెప్పను. చెప్పనని మాటిచ్చాను."

"మాటలిచ్చుకునేదాకా వచ్చిందా!" బల్ల మీద గుద్దాడు. కలాల డబ్బా ఎగిరి కింద పడింది. "తాళం ఇటియ్యి."

ఇచ్చింది. ఆయన దాన్ని మేనల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఈ బ్యాచి వీడిది. మళ్లీ నా బండి ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతా."

"ఈ బ్యాచి నేను తెచ్చుకున్నది నాన్నా. ఎండనక వాననక ఇంటింటికీ తిరిగి..."

"తిరుగుళ్లకేం, బాగానే తిరుగుతున్నావు!"

అమ్మాయి మొహం కందగడ్డలా అయింది. ఏడవలేదు. మూలనున్న చెప్పులు తొడుక్కుంది.

"చౌరస్తా దగ్గర స్కూలువాళ్లు ఎప్పట్నించో రమ్మంటున్నారు. ఇన్నాళ్లూ నీ మొహం చూసి పోలేదు."

"పో! ఎవరాపారు?"

ఆమె గుమ్మం దాటింది. బెంచీ మీది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగులు సర్దుకుని, ఒక్కొక్కరే ఆమె వెనకే వెళ్లిపోయారు. కొత్త మాస్టారు ఖాళీ బెంచీ ముందు తాళం ఆడిస్తూ నిలబడ్డాడు.

బజారు నుంచి ఇల్లాలు అప్పుడే కూరల సంచితో వచ్చింది. వాకిట్లో కూతురు ఎదురుపడి, ఏదో చెప్పబోయి, చెప్పకుండానే పోయింది.

"చూశావా నీ కూతురి నిర్వాకం?" అని లంకించుకున్నాడు మాస్టారు. "పరాయివాడికి నా కారిచ్చి మైదానంలో ఆటలు! వాడి పేరు చెప్పమంటే నోరు విప్పదు. దొరకనీ, వాడి చెయ్యి విరిచి చేతికిస్తా. ఎవడో నీకైనా తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా? ఎవడు?"

ఇల్లాలు సంచి కింద పెట్టింది. మేనల్లుడి ముందు చెయ్యి చాపింది. ఎందుకో తెలియకుండానే అతను తాళం ఇచ్చేశాడు.

"పెళ్లైన కొత్తలో ఒక్కరోజు స్టీరింగు చేతికిచ్చి, మట్టిబుర్రవని నలుగురిలో తిట్టి, నడిరోడ్డు మీద దించేసి పోయారు చూడండి, ఆ మట్టిబుర్రే. నేనే."