ముళ్ళకు తగిలించిన గూళ్ళు

వాగు పక్కన ఈతచెట్టు మీద గిజిగాళ్ళ బడి ఉండేది. వానలు పడగానే పరీక్ష పెట్టేవారు. పిల్లలు అల్లిన గూటిని పెద్ద గిజిగాడు ముక్కుతో లాగి చూసి, నచ్చకపోతే తుంచి కింద పడేసేవాడు.

బుడ్డోడి గూడు మూడోసారీ కింద పడింది.

"వీడికి అల్లిక రాదమ్మా. రేపటి నుంచి బడికి పంపకు," అన్నాడు పెద్ద గిజిగాడు.

బుడ్డోడి తల్లి ఎన్నడూ ఎదురు మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాత్రం పడిపోయిన వాడి గూళ్ళు మూడూ ఏరుకొచ్చి, ఈతముళ్ళకు వరసగా తగిలించింది.

"ఒక్కసారి ఇటు చూడండి బావగారూ. మొదటిదానికి ముడే లేదు. రెండోదానికి ముడి పడింది. మూడోదానికి గది కూడా వచ్చింది. ఇంక గుమ్మమే కదా మిగిలింది!"

పెద్ద గిజిగాడు అటూ ఇటూ ఎగిరి చూశాడు. "అన్నీ తుంచేస్తుంటే నాకేం కనపడుద్దీ!" అని గొణిగాడు. "ఒరే బుడ్డోడా, గడ్డిపోచలు తేరా. గుమ్మం నేను చూపిస్తా."

ఈసారి బుడ్డోడు గుమ్మంతో సహా అల్లిన గూడు గాలివానకు ఊగింది గానీ ఊడలేదు. చెట్టంతా ఒకటే కిచకిచలు!

ఇప్పుడా చెట్టు మీద ఎవరి గూడూ తుంచరు. నిండు గూళ్ళ పక్కనే సగం గూళ్ళూ వేలాడుతుంటాయి. కొత్త పిల్లలు వస్తే బుడ్డోడు ముడి లేని గూటిని చూపించి, "అది నాదేరా!" అని రొమ్ము విరుచుకుంటాడు.