పాత దవాఖానలో పురుళ్ళు

లింగస్వామి పంతులు అర్జీ కాగితం చాపేసరికి మంత్రసాని ఈదమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చేతికి ఆముదం ఉన్నది పంతులూ. వేలిముద్ర మళ్ళేస్త. లోపల బాలింత ఉన్నది, జర తొవ్వియ్యి."

ఆమె పక్కనుంచి పాత దవాఖాన లోపలికి పోయింది. పంతులు సిరాబుడ్డి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

కోస్గి నుంచి నారాయణపేట పోయే బాటలో ఉంది ఆ దవాఖాన. ప్లేగు వచ్చిన ఏడు కట్టింది. డాక్టరు వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. పైకప్పు సగం కూలింది. గోడలు మాత్రం మంచి చెక్కురాయి. ఆ రాయి మీద నిజాం సర్కారు కన్ను పడింది. ఊళ్ళ తనిఖీకి దౌరా వచ్చే అధికార్లకు బంగళా కట్టాలట, దవాఖాన కూలగొట్టి రాయి తీసుకుపోవాలట.

"గిది కూలితే మల్ల డాక్టరు రాడు. రోగమొస్తే మహబూబ్‌నగర్ దాంక బండి కట్టాలె" అని మొదట నోరు విప్పింది లింగస్వామే. తనకు వచ్చిన ఉర్దూ అంతా గుమ్మరించి సర్కారు కచేరీకి పదకొండు అర్జీలు పంపాడు. మూడు నెలలైనా ఒక్క రాయి కదలలేదు. అంతా తన అర్జీల మహిమే అనుకున్నాడు. పాపం, అనుకోవడంలో తప్పేముంది!

ఊరు మాత్రం అలా అనుకోలేదు. ఊరి నోట ఒకటే పేరు, మారయ్య.

ఆ మారయ్య వానకాలం మొదట్లో ఎక్కడినుంచో వచ్చాడు. రాతిపని చేసేవాడు. వచ్చిన రోజే, వానలో తడుస్తూ ఒక కూలిమనిషి దవాఖాన అరుగు మీద నొప్పులు పడుతూ కనిపించిందట. ఇక అక్కడే ఉండిపోయాడు. పడిన రాళ్ళు పేర్చాడు. కప్పు మీద తాటికమ్మలు వేశాడు. ఈదమ్మను పిలుచుకొచ్చాడు. గుడిసెలు కురుస్తున్న ఊళ్ళనుంచి ఆడవాళ్ళు కాన్పుకు అక్కడికే రాసాగారు.

మారయ్యకు ఒక వింత అలవాటు ఉండేది. కడుపుతో ఉన్న మనిషి కనబడితే చాలు, దూరంగా నిలబడి అడిగేవాడు.

"నెలలు నిండినయా అక్కా? లోపలున్న గీమె లేచి ఇంటికి పోయేటాలకు నువ్వు రావాలె మరి."

"మొగోనికి గివేం లెక్కలు?" అని పంతులు నలుగురిలో నవ్వాడు.

ఎవరూ కలిసి నవ్వలేదు.

ఇంటికొస్తే భార్య అండాలు కూడా అదే పాట.

"మారయ్యకు రెండు జొన్నరొట్టెలు పంపిన. దవాఖానను నిలవెట్టినోడు గాయననే అంటున్నరు."

పంతులు చేతిలో ముద్ద కంచంలో పడేశాడు.

"గాయన నిలవెట్టిండా? మరి నా అర్జీలేమైనయ్?"

"అర్జీల సంగతి నాకేమెరుక? కప్పు ఏసింది కండ్లకు కనబడుతాంది."

సొమ్మొకడిది, సోకొకడిది అని పళ్ళు నూరాడు పంతులు. అది కడుపుమంటేనని తనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చల్లారదు కదా.

మరునాడు పన్నెండో అర్జీ రాశాడు. మారయ్య అనే పరాయివాడు దవాఖానలో హక్కు లేకుండా తిష్ఠ వేశాడని, అతన్నీ అతను చేర్చినవాళ్ళనూ వెంటనే ఖాళీ చేయించాలని. దవాఖానను మాత్రం దయతో కాపాడాలని చివర్లో వేడుకున్నాడు.

నాలుగు రోజుల్లో జవాన్లు వచ్చారు. బాలింతను మంచం మీద ఇంటికి మోసుకుపోయారు. మారయ్య తన గోనెసంచి భుజాన వేసుకుని పంతులు ముందు ఆగాడు.

"రేపు సైదమ్మ కాన్పుకు వస్తుండె. తొందరవడ్డవ్ పంతులూ."

అంత మాత్రమే అని వెళ్ళిపోయాడు. పంతులుకు చాలా రోజుల తర్వాత అన్నం సయించింది.

తెల్లవారి దవాఖాన దిక్కునుంచి గడ్డపారల చప్పుడు వినబడింది. పంతులు పరుగెత్తుకుపోయాడు. ఇరవై మంది గోడల మీద ఉన్నారు. గొడుగు కింద కచేరీనుంచి వచ్చిన రెవెన్యూ అధికారి, గిర్దావరు, కూర్చుని ఉన్నాడు.

"సాబ్! నా అర్జీలు..."

"పన్నెండోది చదివిన. మంచి పని చేసినవ్ పంతులూ."

"కడమ పదకొండు?"

"గవి కట్ట కూడ ఇప్పలే."

పంతులు గోడల మీదివాళ్ళను దిగమని చేతులూపాడు. గిర్దావరు మాత్రం హుషారుగా చెప్పుకుపోతున్నాడు.

"మూడు నెలలసంది మా మేస్త్రీ ఒకటే మాట. 'లోపల పురుడున్నది సాబ్, ఇరవై ఒక్క దినం ఎల్లేదాంక మా వడ్డెరోళ్ళం గా గోడకు గడ్డపార పెట్టం' అంటడు. ఒకామెది ఎల్లకముందే ఇంకొకామె! ఆచారమన్నంక మేమేం జేస్తం? నువ్వు జాగా ఖాళీ చేపిచ్చినవ్. గాయన్ని తీసేసి కొత్త మేస్త్రీని పెట్టినం."

తూర్పు గోడ పెద్ద చప్పుడుతో కూలింది. దుమ్ములో నిలబడి పంతులు మెల్లగా అడిగాడు.

"గా పాత మేస్త్రీ ఎవరు సాబ్?"

గిర్దావరు అతన్ని వింతగా చూశాడు.

"ఎవరంటవేంది పంతులూ? గీ దవాఖాన కూలగొట్టమని మేము తోలిన మేస్త్రీ గా మారయ్యనే."