చిటపట తాత ఫిర్యాదులు

బంతి గోడ దాటింది.

అవతల పెరట్లో పూలకుండీ భళ్లుమంది. ముగ్గురు పిల్లలు పరుగున వచ్చి శిబిరం వార్డెన్ వెనక నక్కారు.

పక్కింటి కిటికీ తెరుచుకుంది. తెల్లమీసాల పెద్దాయన తల బయటపెట్టాడు.

"ఇళ్ల మధ్య ఉన్నామా, సంతలో ఉన్నామా? చెవులు చిల్లులు పడుతున్నాయి! రేపే ఆఫీసుకెళ్లి చెప్తా!"

"తాతగారూ, పసివాళ్లండీ. కొత్త కుండీ నేను కొనిస్తా..."

ఆమె మాట పూర్తికాకముందే కిటికీ మూసుకుంది.

"మర్యాద తెలీని మనిషి," అంది వార్డెన్.

"చిటపట తాత," అని అక్కడికక్కడే నామకరణం చేశాడు వంటాయన.

పిల్లలుండే ఆ శిబిరం ఒకప్పుడు మూతపడ్డ బట్టల మిల్లు. సముద్రం అవతల యుద్ధం మొదలయ్యాక, అమ్మానాన్నల తోడు లేకుండా వచ్చే పిల్లల కోసం మళ్లీ తెరిచారు. నలభై మందికి సరిపోతుందన్నారు. రేవులో పడవ ఆగినప్పుడల్లా మిల్లు ముందు బస్సు ఆగేది. ఇప్పుడు ఊరి బళ్లో పిల్లలకన్నా మిల్లులో పిల్లలే ఎక్కువ. అందరికీ కలిపి కుళాయి మాత్రం ఒకటే.

వార్డెన్ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కుళాయిలు అడిగింది. దుప్పట్లు అడిగింది. అన్నిటికన్నా ముందు బడి అడిగింది.

ఆ చివరిదే ఆమెకి నిద్ర పట్టనివ్వడం లేదు. రేవులో చేపల గోదాముల వాళ్లు అప్పుడే గేటు దగ్గర తచ్చాడుతున్నారు. చౌకగా దొరికే చేతులు వాళ్ల కంట పడ్డాయి. ఈ సెలవులయ్యేలోగా బళ్లో పడకపోతే పెద్దపిల్లలు గోదాముల్లో తేలతారు.

"పరిశీలనలో ఉందమ్మా," అనేవాడు అధికారి, నిమ్మకు నీరెత్తినట్టు.

ఇప్పుడు పుండు మీద కారంలా ఈ తాత.

మర్నాడు కర్ర పుచ్చుకుని నిజంగానే ఆఫీసుకి వెళ్లాడు.

"పొద్దున్నే కుళాయి దగ్గర కాకిగోల! ఒక్క కుళాయికి అంతమంది కొట్టుకోక ఏం చేస్తారు?"

వారం తిరక్కుండా ప్లంబర్ వచ్చి కుళాయిల వరస బిగించాడు.

తాత మళ్లీ వెళ్లాడు.

"రాత్రంతా చలికి ఏడుపులే! నన్ను పడుకోనిస్తారా, లేదా?"

దుప్పట్ల లారీ వచ్చింది.

ఆ సాయంత్రం వంటాయనకి టీ తనే కలిపి ఇచ్చింది వార్డెన్.

"చూశావా? పట్టు పట్టరాదు, పడితే విడవరాదు. నేను అడగ్గా అడగ్గా కదిలారు."

"అవునమ్మా. ఆ పట్టేదో గోధుమపిండి కోసం కూడా పట్టండి," అన్నాడు వంటాయన.

సెలవులు ఇక ముగుస్తాయనగా బడి సంగతి తేల్చుకుందామని ఆఫీసుకి వెళ్లింది. తాత అప్పటికే అక్కడున్నాడు. బల్ల గుద్దుతున్నాడు.

"పగలంతా ఆ పిల్లలు మిల్లులో ఉండటానికి వీల్లేదు! ఎక్కడికి పంపుతారో పంపండి! లేకపోతే రోజూ వస్తా, ఇక్కడే కూర్చుంటా!"

వార్డెన్ ఒక్క అంగలో లోపలికి వచ్చింది. మిల్లు మూయించేలా ఉన్నాడు!

"మీకు మనవలు లేరా తాతగారూ?" అని వెనకనుంచి అరిచింది.

ఆయన తిరిగైనా చూడలేదు. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

అధికారి చెమట తుడుచుకున్నాడు.

"పగలు మిల్లులో ఉండకూడదంటే ఇక మిగిలింది బడే. సోమవారం నుంచి పంపేయండమ్మా."



"మరి నేను ఇన్నాళ్లూ అడిగింది?"

"మీది విన్నపం. విన్నపాలు వరసలో ఉంటాయి. ఇరుగుపొరుగు ఫిర్యాదైతే వారంలోగా తీర్చాలి, రూలు. కుళాయిలూ దుప్పట్లూ ఆయన గోల భరించలేకే ఇచ్చాం."

వార్డెన్ తిరిగొస్తూ దారిలో ఒక పూలకుండీ కొంది.

సోమవారం పిల్లలు బారులు తీరి బడికి బయల్దేరారు. తాత ఇంటి ముందుకి రాగానే అలవాటుగా గొంతులు తగ్గించారు.

కిటికీ తెరుచుకోలేదు.

గేటుకి తాళం వేస్తూ ఒకావిడ కనిపించింది. తాత కూతురట.

"నాన్న శనివారం మా ఊళ్లో పోయారండీ. నిద్రలోనే."

వార్డెన్ చేతిలో కుండీ బరువెక్కింది. దాన్ని గేటు పక్కన దించింది.

"తెలిసి చేశారో, తెలియక చేశారో, మా పిల్లల్ని బళ్లో వేసింది ఆయనేనండీ. మా గోల వల్ల పాపం, ఒక్క రాత్రి కూడా కంటినిండా నిద్రపోయి ఉండరు."

కూతురు వింతగా చూసింది.

"గోల ఏంటండీ? నాన్న కూడా ఇలాగే చిన్నప్పుడు ఒంటరిగా పడవ దిగారు. బడికి పంపేవాళ్లు లేక ఈ మిల్లులోనే పనికి కుదిరారు."

ఆవిడ మిల్లు గోడ వైపు చూసింది.

"మగ్గాల మోతకి ఆయన రెండు చెవులూ పోయి ఇరవయ్యేళ్లయింది."