ఆపిన నంబరు

“ఏమాలోచిస్తున్నవ్ స్నిగ్ధా? జల్దీ కొట్టు,” అన్నాడు బాలేష్.

శామీర్‌పేట మందుల ఫ్యాక్టరీ సర్వర్ గదిలో స్నిగ్ధ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. నెట్‌వర్క్ స్విచ్‌లో ఆపెయ్యమని మేనేజర్ పంపిన ఐపీ అడ్రస్, అంటే కంప్యూటర్ నంబరు, తనకు పని నేర్పిన ఈ బాలేష్ ల్యాప్‌టాప్‌దే.

“రేపు జేద్దాం సార్.”

“నా నంబరు నాకు తెల్వదా బిడ్డా? పొద్దుగాల్నే నాతోని రాజీనామా రాయించుకున్నరు.”

తలెత్తకుండా ఆ అడ్రస్‌ను ఆపే లైను కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టింది.

“ఆగు! మిగిలినోళ్లను పోనియ్యమని కింద ఇంకో లైను రాయాలె. లేకుంటె ఫ్యాక్టరీ మొత్తం బందైతది.”

రాసింది. నొక్కింది.

ఏది ఆపినా ఆ మిషన్ మీదే పరీక్షించాలని నేర్పింది ఆయనే. ఎప్పటిలాగే తన ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు.

“ఆగింది. మంచిగ జేసినవ్.”