వరసలో మరో మగవాడు

తలుపు మీద 'రొమ్ము పరీక్ష' అని రాసి ఉంది. బెంచీల నిండా ఆడవాళ్ళే.

లేతు మిషను మేస్త్రీకి అడుగు ముందుకు పడలేదు. పంటినొప్పని కారఖానాలో అబద్ధం చెప్పి వచ్చాడు. ఇనుముని ఇట్టే లొంగదీసే మనిషి, చేతిలోని చీటీని ఎవరికీ కనపడకుండా మడిచి జేబులో కుక్కుకున్నాడు.

పిల్లలు కలగలేదని చేయించుకున్న పరీక్షల్లో బయటపడింది సంగతి.

"మీకు పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుంది. అలాంటివాళ్ళకి రొమ్ము క్యాన్సర్ ముప్పు మిగతా మగవాళ్ళకంటే ఎక్కువ. ఎడమవైపు ఈ చిన్న గడ్డని అశ్రద్ధ చెయ్యకండి," అని ఈ పరీక్షకి చీటీ రాసిచ్చాడు డాక్టరు.

'మగాడికి రొమ్ము పరీక్షేమిటి! నలుగురూ నవ్విపోరూ!' అనుకుని మేస్త్రీ వెనుదిరిగాడు.

"తమ్ముడూ, ఇలా రా! ఇక్కడ చోటుంది!"

బెంచీ చివర కూర్చున్న పొడుగాటి పెద్దమనిషి కేక వేశాడు. ఆడవాళ్ళంతా తలలెత్తి చూశారు. మేస్త్రీ సిగ్గుతో చచ్చిపోయాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండి!" అన్నాడు పళ్ళు నూరుతూ.

"ఎందుకూ? మనమేమన్నా దొంగతనానికొచ్చామా? కూర్చో."

పక్కనున్న పెద్దావిడ ఫక్కున నవ్వి, జరిగి చోటిచ్చింది.

"మీరూ పరీక్షకేనా?" అని పెద్దమనిషిని అడిగాడు మేస్త్రీ.

"ఇక్కడికి షికారుకొస్తారేమిటి ఎవరన్నా! నాకు చెవుడు నాయనా. నలభై రెండో నెంబరు పిలిస్తే కాస్త చెప్పు."

మేస్త్రీ ఇరుక్కుపోయాడు. చెవిటివాణ్ణి వదిలేసి ఎలా పోతాడు? ఆయన వాగుడు భరిస్తూ, ఆ నెంబరు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

ముందు తన నెంబరే పిలిచారు.

"వెళ్ళు. పది నిమిషాల పని," అన్నాడాయన.

బయటికొచ్చాక మేస్త్రీ ఆయనవైపు చూడనైనా చూడలేదు. తలొంచుకుని చరచరా వెళ్ళిపోయాడు.

గడ్డ క్యాన్సరే. ఆపరేషన్ చేశారు.

"సమయానికొచ్చారు. ఇంకో ఏడాది ఆగుంటే నేనేం చెప్పగలిగేవాణ్ణి కాదు," అన్నాడు డాక్టరు.

ఆ మాటతో మేస్త్రీకి పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆ రోజు వెళ్ళొస్తానని ఒక్క మాట అననందుకు మనసు చివుక్కుమంది. తిన్నగా ఆ పరీక్ష గదికే వెళ్ళాడు.

"పొడుగ్గా ఉంటారు, చెవుడు..." అని నర్సుకి ఆనవాళ్ళు చెప్పాడు.

"చెవుడా? గుసగుసలాడినా వినేసేవారు!" నర్సు నవ్వబోయి ఆగిపోయింది. "పోయిన నెల కాలం చేశారండీ."

"అయ్యో! మరి ఆ రోజు ఆయన పరీక్షలో ఏం తేలింది?"

"ఆయనకి పరీక్ష ఎక్కడిదండీ! ఆరేళ్ళ కిందట ఈ గుమ్మం దాకా వచ్చి, ఆడవాళ్ళని చూసి సిగ్గుపడి వెళ్ళిపోయారట. మళ్ళీ వచ్చేసరికి జబ్బు ముదిరిపోయింది. అప్పట్నించీ, ఇక్కడికొచ్చే మగాడెవరూ ఒంటరిగా కూర్చోకూడదని, ఒంట్లో ఓపికున్న ప్రతి రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవారు."