పీపాలో మోతె నీళ్ళు

కాలిన ఆయిలు పీపా మూత ఎత్తి, అటూ ఇటూ చూసి, ఎర్లిందా మోతె మొక్కజొన్న ఉడికించిన నీళ్ళు గిన్నెడు అందులో వంపేసింది.

ఎవరైనా చూస్తే? చూస్తే పోలీసులు. పోలీసులు వస్తే జైలు. జైల్లో చలికి జ్వరం, ఆ జ్వరంతోనే చావు. అంతదాకా ఊహించేసి మూత పెట్టింది.

ఎవరూ చూడలేదు. చూసినా అనుమానపడరు. కువెంకా నగరంలో మెకానిక్ షాపు పీపా అంటే వీధి సొత్తు. కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి ఒకరు, కుక్క గజ్జికి రాయడానికి ఇంకొకరు డబ్బా పట్టుకొచ్చి ముంచుకుపోతుంటారు. ముంచుకునేవాళ్ళే తప్ప పోసేవాళ్ళూ ఉంటారని ఎవరికి తోస్తుంది?

షాపు లౌరోది. దాని గుమ్మం పక్కనే బల్ల వేసుకుని ఎర్లిందా మొక్కజొన్న మోతె, కాల్చిన పంది మాంసం అమ్ముతుంది.

ఆమె భర్త విసెంతె బతుకంతా ఈ షాపు గోతిలోనే, కార్ల కింద తెల్లారింది. కార్ల పొగ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, దగ్గుతూ దగ్గుతూ పోయాడు. శవాన్ని ఎత్తకముందే ఎర్లిందా లౌరో మొహం మీదే ఒట్టు పెట్టుకుంది. "ఈ షాపుకు తాళం పడేదాకా నాకు నిద్ర లేదు."

లౌరో తల వంచుకుని విన్నాడు. దినాలు కాగానే వచ్చి షాపు తెరిచాడు. విసెంతె దిగిన గోతిలోకే తనూ దిగాడు.

పోనీ మోసగాడా అంటే కాదు, అదే ఆమెకు చిక్కు. వాడేసిన ఆయిలును నగరపాలక సంస్థ సేకరించడం మొదలుపెట్టినప్పుడు ఆ వీధిలో ముందుగా చేరింది అతనే. చుక్క కూడా కాలవలో పోయడు. ఇటుక బట్టీలవాళ్ళు మండించుకోడానికి అడిగినా అమ్మడు. తలుపు మీద నగరం అంటించిన ఆకుపచ్చ స్టిక్కరును పొద్దున్నే దేవుడి పటంలా తుడుస్తాడు.

మధ్యాహ్నం లౌరో పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, ఆ చేతులతోనే తింటావా? గోళ్ళ నిండా విషం!"

"కడిగితే పోయే నలుపా ఇది? పుట్టుమచ్చలా పట్టుకుంది."

"అలా తినేవాడు ఎక్కువ కాలం బతకడు."

"నీ నోట ఒక్క మంచిమాట రాదా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఆగేదాకా ఎర్లిందా చెవి రిక్కించి విన్నది. తర్వాత మాంసంలో పెద్ద ముక్క ఏరి అతని పళ్ళెంలో వేసింది.

పక్క బల్ల మీద పళ్ళరసం అమ్మే తర్హేలియా కిసుక్కుమంది. "ఏంటి వదినా, కోసే ముందు మేపుతున్నావా?"

"నీ బొప్పాయిలు నువ్వు చూసుకో."

అప్పుడే నగరం లారీ వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు పాత్రీసియో దిగి, పీపాలో గొట్టం ముంచి, ఒక చుక్క తీసి లైటరుతో వేడిచేసిన రేకు మీద వేశాడు. మంచి ఆయిలైతే గుట్టుగా పొగలు కక్కుతుంది. ఇది చిటపటలాడింది.

"మళ్ళీ నీళ్ళే, మేస్త్రీ."

"నీళ్ళెక్కడివి సార్? మూత ఎప్పుడూ వేసే ఉంటుంది!"

"అందుకే అంటున్నా. ఆయిలు బట్టీలకు అమ్ముకుని, ఆ వెలితి నీళ్ళతో నింపుతున్నావని పైవాళ్ళ అనుమానం. పోయినసారి చెప్పాను, అంతకుముందూ చెప్పాను. ఈసారి నా చేతుల్లో లేదు."

"నేనా? అమ్ముకున్నానా?" లౌరో అరిచాడు. "వీధిలో ఎవర్నైనా అడగండి!"

పాత్రీసియో ఎర్లిందా వైపు తిరిగాడు. "రోజంతా ఇక్కడే ఉంటారుగా. మీరు చెప్పండి. బట్టీవాళ్ళు వస్తారా?"

లౌరో ఆమె వైపు నమ్మకంగా చూశాడు. ఒక్క మాట చాలు అతన్ని గట్టెక్కించడానికి. విసెంతె ఆఖరి రాత్రి దగ్గు చెవిలో మోగింది.

"వస్తారు," అంది. "పీపాలోంచి ఆయిలు తోడుకుపోతారు. నా కళ్ళతో చూశాను."



"మీరే చెప్పాక ఇక నేను అడిగేదేముంది," అన్నాడు పాత్రీసియో. స్టిక్కరు గీకేశారు. షట్టరు దించి తాళం వేసి, దాని మీద సీలు అంటించారు. లారీ వెళ్ళిపోయింది. లౌరో పాత టైరు మీద కూలబడ్డాడు.

తర్హేలియా ఎర్లిందా భుజం పట్టి కుదిపింది. "చల్లారిందా నీ పగ? మనిషివేనా నువ్వు?"

"చల్లారింది."

ఎర్లిందా వెళ్ళి లౌరో చెయ్యి పట్టుకుని అంది: "లేరా కొడకా, ఇంటికి పోదాం, ఈ షాపు మీ నాన్నను మింగింది చాలు."