గేదె బిళ్ళ

మా ఊరి రైలు పట్టాల మీద డ్రైవర్లు లేని బండ్లు తిరుగుతాయి. మనుషుల కోసం ఆగితే వేళ తప్పుతుందట, మనిషి అడ్డమొస్తే సిగ్నల్ ఎర్రబడదు. చెవికి బిళ్ళ ఉన్న పశువు కనిపిస్తే మాత్రం బండి ఠక్కున ఆగుతుంది. నమ్మకపోతే మీ ఖర్మ. అందుకే మా ఊళ్ళో చచ్చిన గొడ్డు బిళ్ళను ఎవరూ పారేయరు. మా ఆవిడ పైడమ్మ మా గేదె బిళ్ళను చెవికమ్మకు తగిలించుకునే అవతలి పొలానికి వెళుతుంది.

"ఓలె గేదే, గడ్డి నువ్వే మేసీకు, ఇంటికి తే!" అన్నాను ఆ ఉదయం.

"నీ నోరు పడిపోనూ!" అని నవ్వుతూ పట్టాలు దాటింది.

మధ్యాహ్నం పశువుల లెక్కలు చూసే యంత్రం ఫోన్ చేసింది.

"మీ గేదె క్షేమమా?"

"అది సచ్చి మూడేళ్ళయింది. అయినా రోజూ గడ్డిమోపు మోసుకొస్తంది!" అన్నాను, ఊరుకోలేక.

"చింతిస్తున్నాం. బిళ్ళ రద్దు చేశాం."

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. పైడమ్మ తలమీద మోపుతో, వస్తున్న బండి వంక చూడకుండా, ఎప్పటిలాగే పట్టాలెక్కుతోంది.

"ఆగే! బిళ్ళ పనిసెయ్యదే!" అని అరిచాను.

నా మాటల్లో ఏది నిజమో ఆవిడకు ఏనాడు తెలిసింది గనక? నవ్వుతూ, చెవికున్న బిళ్ళను ఊపి చూపించింది.

ఆ రోజు బండి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.